చలికాలమంతా ఇంటి ముందే కారవాన్: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రిటన్‌లో ఉంటూ, కారు వెనక తగిలించుకుని వెళ్లే టూరింగ్ కారవాన్ కొనుక్కున్న తెలుగువాళ్ల కోసం రాసిన పేజీ ఇది. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా వేల్స్‌కీ, లేక్ డిస్ట్రిక్ట్‌కీ, కార్న్‌వాల్‌కీ తిరిగిన బండి ఆ తర్వాత ఐదు నెలలు డ్రైవ్‌వే మీద ఊరికే నిలబడి ఉంటుంది. కొత్తగా కొన్నవాళ్లకు టెన్షనంతా చలి గురించే. లోపల హీటర్ పెట్టాలా, మందపాటి కవర్ కప్పాలా అని అడుగుతారు. నిజానికి బాగా ఆరిన కారవాన్‌ను చలి పెద్దగా ఏమీ చేయలేదు. పాడుచేసేవి నీళ్లే: పైపుల్లో మిగిలిపోయినవి, గాలిలో చెమ్మగా తిరిగేవి, అతుకుల సందుల్లోంచి లోపలికి దిగేవి. కింద ఇచ్చిన జవాబుల్లో సగానికి పైగా వాటి గురించే.

ఈ పనులు ఎప్పుడు మొదలుపెట్టాలి?

అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు కదా, అదే గుర్తు. పిల్లల హాఫ్ టర్మ్ సెలవులు కూడా దాదాపు అప్పుడే వస్తాయి. ఆ ట్రిప్ నుంచి తిరిగొచ్చాక సామాను దించేటప్పుడే నీళ్లు కూడా తీసేస్తే సగం పని అయిపోయినట్టే. స్కాట్లండ్‌లోనో, పెన్నైన్ కొండల దగ్గరో ఉండేవాళ్లు ఇంకో రెండు మూడు వారాలు ముందే చేసుకోవాలి.

అన్నీ ఒకే రోజు చేయాలని లేదు. రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు దిగేలోపు నీళ్లు తీయడం మాత్రం తప్పనిసరి. కడగడం, కవర్ వేయడం పొడిగా ఉన్న రోజు చూసుకుని చేయొచ్చు. నవంబరులో ఇక్కడ అలాంటి రోజు దొరకడమే గొప్ప. దొరికితే వేరే పనులు పెట్టుకోకండి.

పైపుల్లో నీళ్లు గడ్డకడితే ఏమవుతుంది? ఎండ వస్తే కరిగిపోతాయిగా?

కరుగుతాయి, కానీ అప్పటికే ఏదో ఒకటి పగిలి ఉంటుంది. నీళ్లు గడ్డకట్టినప్పుడు సుమారు 9 శాతం ఎక్కువ చోటు కావాలి. మెత్తటి ప్లాస్టిక్ పైపు కొద్దిగా సాగి తట్టుకుంటుంది. ట్యాపు లోపలి కార్ట్రిడ్జ్, షవర్ మిక్సర్, పంపు, పైపుల జాయింట్లు, వాటర్ హీటర్ ట్యాంకు తట్టుకోలేవు. వాటిలో సాగే గుణం లేదు.

అసలు చిక్కేమిటంటే, జనవరిలో పగిలింది ఈస్టర్ దాకా బయటపడదు. మొదటి ట్రిప్‌లో పంపు ఆన్ చేయగానే సోఫా కిందనుంచి నీళ్లు పారుతాయి. హీటర్ మార్చాలంటే బిల్లు వందల పౌండ్లలో ఉంటుంది. ఆ నీళ్లు ఫ్లోర్ బోర్డులోకి ఇంకితే ఖర్చు అక్కడితో ఆగదు. నీళ్లు తీయకుండా వదిలేసిన బండిలో గడ్డకట్టి జరిగిన నష్టానికి చాలా బీమా పాలసీలు డబ్బివ్వవు. మీ పాలసీలో 'ఫ్రాస్ట్' అనే మాట ఎక్కడుందో వెతికి, ఆ పేరా ఒక్కసారి చదవండి.

"మా ఊళ్లో అంత చలి ఉండదు" అనే ధీమా వద్దు. 2010 డిసెంబరులోనూ, 2018 ఫిబ్రవరి చివర 'బీస్ట్ ఫ్రమ్ ది ఈస్ట్' వచ్చినప్పుడూ దక్షిణాన కూడా పైపులు గడ్డకట్టాయి.

నీళ్లు పూర్తిగా తీయడం ఎలా?

ముందుగా వాటర్ హీటర్ ఆపి, లోపలి నీళ్లు చల్లారనివ్వండి. వేడి నీళ్లు మీద పడితే కాలుతుంది. పంపు స్విచ్ ఆపేయండి. బయట ఉంచే మంచినీళ్ల డ్రమ్ములో (ఆక్వారోల్) వేసే పంపు అయితే దాన్ని బయటికి లాగి, గొట్టంలో ఉన్న నీళ్లు వంచేసి, ఆరాక ఇంట్లో పెట్టుకోండి. డ్రమ్మునూ, వాడిన నీళ్లు పట్టే వేస్ట్‌మాస్టర్‌నూ కడిగి, మూతలు తీసి గ్యారేజీలో బోర్లించండి.

తర్వాత వంటగది, బాత్రూమ్ ట్యాపులన్నీ తెరవండి. ఒకే లివర్ ఉన్న ట్యాపు అయితే లివర్‌ను పైకెత్తి సరిగ్గా మధ్యలో ఉంచాలి. అప్పుడే వేడి వైపు, చల్లని వైపు రెండూ తెరుచుకుంటాయి. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే: చల్లని వైపు తిప్పి ఉంచితే వేడి నీళ్ల పైపు నిండుగానే ఉండిపోతుంది. షవర్ తలను హుక్ మీద నుంచి తీసి కింద ట్రేలో పడుకోబెట్టండి. బయటి గోడకు షవర్ పాయింట్ ఉంటే దాన్నీ మరిచిపోవద్దు.

ఇప్పుడు హీటర్. చాలా బ్రిటిష్ కారవాన్‌లలో ట్రూమా హీటర్ ఉంటుంది. దాని పక్కనో, సీటు కింద లాకర్లోనో పసుపు రంగు లివర్ కనిపిస్తుంది. దాన్ని నిలువుగా లేపితే బండి కిందనుంచి నీళ్లు ధారగా పడతాయి. ట్యాంకు రకాన్ని బట్టి పది లేదా పద్నాలుగు లీటర్లు పడుతుంది కాబట్టి, కప్పు నీళ్లు కారి ఆగిపోతే పని కాలేదనే అర్థం. కింద బకెట్ పెట్టి కొలవండి. చల్లని నీళ్ల పైపులకు వేరే డ్రెయిన్ ట్యాపు ఉన్న మోడళ్లూ ఉన్నాయి. అది ఎక్కడుందో బండితో వచ్చిన హ్యాండ్‌బుక్‌లో బొమ్మతో సహా ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో కొని పుస్తకం రాకపోతే, స్విఫ్ట్, బెయిలీ లాంటి కంపెనీలు పాత మోడళ్ల హ్యాండ్‌బుక్కులు ఆన్‌లైన్‌లో ఉంచుతాయి.

ధార ఆగాక ముందున్న చిన్న చక్రం (జాకీ వీల్) పిడి తిప్పి బండి ముందు భాగాన్ని బాగా పైకి లేపండి, కాసేపాగి కిందికి దించండి. వంపుల్లో దాక్కున్న నీళ్లు అప్పుడు కారతాయి. వాటర్ ఫిల్టర్ తీసి పారేయండి. అది చలికాలమంతా తడిగా ఉండి వసంతంలో మళ్లీ పనికొచ్చే వస్తువు కాదు. పంపు లోపలే బిగించిన బండి అయితే, ట్యాపులు తెరిచి ఉండగా కొన్ని సెకన్లు నడిపి ఆపేయండి. పంపు లోపల మిగిలిన నీళ్లు కూడా బయటికి పోతాయి.

ట్యాపులు, పసుపు లివర్ మార్చి దాకా తెరిచే ఉంచండి. సింకులకూ షవర్ ట్రేకూ మాత్రం బిరడాలు పెట్టండి. లేకపోతే వేస్ట్ పైపుల్లోంచి వాసనా పురుగులూ లోపలికి వస్తాయి.

పైపుల్లో కారు యాంటీఫ్రీజ్ పోస్తే ఈ గొడవంతా ఉండదు కదా?

వద్దు. కారులో పోసేది సాధారణంగా ఇథిలీన్ గ్లైకాల్, విషం. తాగే నీళ్ల పైపుల్లో దానికి చోటు లేదు.

మాది ఆల్డే హీటింగ్, అంటే రేడియేటర్లలో వేడి ద్రవం తిరిగే రకం. అందులో ఎలాగూ గ్లైకాల్ ఉంటుందట కదా?

రేడియేటర్లలో తిరిగే ద్రవంలో ఉంటుంది, దాన్ని తీయకూడదు. రకాన్ని బట్టి రెండేళ్లకో ఐదేళ్లకో మార్చాలి. ట్యాపులకు వెళ్లే మంచినీళ్ల వ్యవస్థ వేరు. దాన్ని మాత్రం అందరిలాగే ఖాళీ చేయాలి.

టాయిలెట్ సంగతేంటి?

కిందనుంచి బయటికి లాగే మలం ట్యాంకును (క్యాసెట్) ఖాళీ చేసి, శుభ్రంగా కడిగి, బాగా ఆరబెట్టండి. ఫ్లష్ ట్యాంకులో నీళ్లు విడిగా ఉంటాయి. వాటిని కూడా ఖాళీ చేయాలి, లేకపోతే ఆ చిన్న పంపు పగులుతుంది. క్యాసెట్ మీద ఉండే రబ్బరు సీలుకు కొద్దిగా ఆలివ్ నూనె రాసి, దాన్ని మూసే పలకను (బ్లేడు) తెరిచే ఉంచండి. మూసి ఉంచితే సీలు అతుక్కుపోతుంది. వాజలైన్ రాయకండి, రబ్బరు పాడవుతుంది.

లోపల హీటర్ వేసి ఉంచితే నీళ్లు తీయాల్సిన పనే ఉండదు కదా?

ఈ ప్రశ్నే అందరికంటే ఎక్కువమంది అడుగుతారు. నా మాట: పెట్టకండి.

చాలా కారవాన్‌లలో కొన్ని పైపులు ఫ్లోర్ కింద, బయటి గాలిలో ఉంటాయి. లోపల ఎంత వెచ్చగా ఉన్నా అవి గడ్డకట్టే అవకాశం ఉంది. ఒక్క రాత్రి కరెంటు పోయినా, హీటర్ ట్రిప్ అయినా ఐదు నెలల జాగ్రత్త అక్కడితో సరి. మనుషులు లేనిచోట ఫ్యాన్ హీటర్ నడపడం మంటల ప్రమాదం కూడా. పైగా వెచ్చటి గాలి చెమ్మను ఎక్కువగా పట్టుకుంటుంది. అది చల్లటి కిటికీకో, మూలలోని గోడకో తగిలినప్పుడు, అన్నం గిన్నె మూత లోపల చేరినట్టు నీటి చుక్కలు చేరతాయి. బూజు మొదలయ్యేది అక్కడే. కరెంటు బిల్లు కట్టి మరీ బూజు పెంచుకోవడం ఎందుకు? ఎలాగూ నీళ్లు తీసేశాక లోపల వెచ్చదనం కోరే వస్తువంటూ ఏదీ లేదు.

చెమ్మ, బూజు పట్టకుండా ఏం చేయాలి?

గాలి ఆడనివ్వడమే మొదటి మందు. లాకర్ తలుపులు, వార్డ్‌రోబ్, బాత్రూమ్ తలుపు, ఫ్రిజ్, ఫ్రీజర్ అన్నీ కొద్దిగా తెరిచి ఉంచండి. ఫ్రిజ్ తలుపు మూసుకోకుండా ఆపే చిన్న లాచ్ చాలా మోడళ్లలో ఉంటుంది. కుషన్లు, పరుపులు ఇంట్లో పెట్టే చోటుంటే ఇంట్లోకి తెచ్చేయండి. లేకపోతే గోడలకు ఆనకుండా మధ్యలో అంచు మీద నిలబెట్టండి. దుప్పట్లు, తువ్వాళ్లు, పుస్తకాలు, పిల్లల బొమ్మలు ఏవీ లోపల ఉంచొద్దు. బట్ట అనేది ఏదైనా చెమ్మను పీల్చేస్తుంది.

మన వంట గురించి ఒక మాట చెప్పాలి. వేసవంతా చిన్న కారవాన్‌లో తాలింపులు, వేపుళ్లు చేసి ఉంటే స్టవ్ చుట్టూ, పై లాకర్ల అడుగున, కర్టెన్ల మీద కంటికి కనబడని నూనె జిడ్డు పొర ఉంటుంది. దుమ్ము దానికి అతుక్కుంటుంది, బూజుకు అదే మేత. గోరువెచ్చని నీళ్లలో కాస్త వాషింగ్ అప్ లిక్విడ్ వేసి గోడలూ, సీలింగూ తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టండి. కర్టెన్లు ఉతికి ఇంట్లోనే ఉంచుకోండి. ఇంగువ డబ్బా మర్చిపోతే మార్చిలో తలుపు తీసినవాళ్లకు ఎలాగూ తెలుస్తుంది.

సూపర్ మార్కెట్లో దొరికే చెమ్మ పీల్చే క్రిస్టల్స్ డబ్బాలు చిన్న చోటుకి కొంత పనిచేస్తాయి. అందులో ఉండేది క్యాల్షియం క్లోరైడ్. డబ్బాలో చేరిన నీళ్లు ఒలికితే కార్పెట్ పాడవుతుంది కాబట్టి సింకులోనో, షవర్ ట్రేలోనో పెట్టి, నెలకోసారి చూసి పారబోయండి. కరెంటు డీహ్యూమిడిఫైయర్ కొనాలనుకుంటే చెమ్మ పీల్చే పదార్థంతో పనిచేసే డెసికెంట్ రకం తీసుకోండి. ఇంట్లో వాడే కంప్రెసర్ రకం చల్లటి గాలిలో సరిగా పనిచేయదు. వాడితే నెలలో ఒకటి రెండు రోజులు చాలు. గాలి ఆడే రంధ్రాలు (వెంట్లు) తెరిచే ఉంటాయి కాబట్టి రోజంతా నడిపితే ఊరి చెమ్మంతా మీరే లాగుతున్నట్టు అవుతుంది.

ఇదంతా గాలిలోని చెమ్మ గురించి. అతుకుల్లోంచి లోపలికి దిగే వాన నీళ్ల సంగతి వేరు, దాని వల్ల వచ్చే నష్టమూ ఎక్కువే. కిటికీ కింది మూలలు, ముందు లాకర్ వెనక గోడ, పైకప్పు కిటికీ (రూఫ్‌లైట్) చుట్టూ చేత్తో నొక్కి చూడండి. మెత్తగా తగిలినా, వాల్‌పేపర్ ఉబ్బినా, మరక కనిపించినా టెస్ట్ చేయించాలి. సర్వీసు చేసేవాళ్లు తేమ మీటరుతో కొలిచి శాతాల్లో రాసిస్తారు. సాధారణంగా 15 శాతం లోపు అంటే మామూలే. 15 నుంచి 20 మధ్య ఉంటే కనిపెట్టి ఉండాలి. అంతకు మించితే కారణం వెతికి బాగుచేయించాలి. ఆ పని చలికాలం ముందే అయితే ఐదు నెలల వాన దానిమీద పడకుండా ఉంటుంది.

చలిగాలి వస్తోందని ఫ్లోర్ వెంట్లు మూసేయవచ్చా?

ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. గ్యాస్ లీకైతే కిందికి దిగి బయటికి పోయే దారి అదే. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పేరుకోకుండా కాపాడేది కూడా ఆ గాలే. ఎలుకలు వస్తాయన్న భయం ఉంటే సన్నటి ఇనుప జాలీ బిగించండి. గుడ్డలు కుక్కడం, టేపు అంటించడం చేయకండి.

కవర్ కొనాలా?

ఇది మీ డ్రైవ్‌వేను బట్టి ఉంటుంది. పైన చెట్టు ఉంటే కొనండి. ఆకుల రసం, పిట్టల రెట్టలు, పాచి తగ్గుతాయి. గాలి బాగా కొట్టే చోటయితే నేను కొనమనను. వదులుగా ఉన్న పట్టీ ఐదు నెలలు కొట్టుకుంటే యాక్రిలిక్ కిటికీల మీద గీతలు పడతాయి. గీతలు పడ్డ కిటికీ మార్చడం కంటే పాచి కడుక్కోవడం చౌక.

కొంటే మాత్రం గాలి ఆడే గుడ్డతో చేసినదే, మీ మోడల్ కొలతలకు తగినదే కొనండి. నీలం రంగు టార్పాలిన్ కప్పేసి తాళ్లు కట్టడం మన ఊళ్లో ధాన్యం బస్తాలకు సరిపోతుంది, కారవాన్‌కు కాదు. లోపలి చెమ్మ బయటికి పోలేక అక్కడే కుళ్లబెడుతుంది. కవర్ వేసే ముందు బండిని బాగా కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. కవర్ కింద ఇసుకా దుమ్మూ ఉంటే గాలికి అది గరుకు కాగితంలా రాపిడి పెడుతుంది. కడగడానికి కారవాన్ షాంపూ, మెత్తటి బ్రష్ చాలు. బ్లీచ్, పీచు, ప్రెషర్ వాషర్ మూడూ వద్దు. ప్రెషర్ వాషర్ దెబ్బకు సీల్ సందుల్లోకి నీళ్లు దూరతాయి, మనం తప్పించుకోవాలనుకుంటున్నది దాన్నే.

పై కప్పు మీద సోలార్ ప్యానెల్ ఉన్నవాళ్లు ఇంకోటి ఆలోచించుకోవాలి. కవర్ వేస్తే ప్యానెల్‌కు వెలుతురు అందదు.

కవర్ వేసినా వేయకపోయినా, బండిని కొద్దిగా ఏటవాలుగా నిలపండి. కప్పు మీద వాన నీళ్లు నిలవకుండా జారిపోతాయి.

టైర్లకూ బ్రేకులకూ ఏం చేయాలి?

నెలల తరబడి హ్యాండ్‌బ్రేక్ వేసి ఉంచితే బ్రేక్ షూలు డ్రమ్ముకు తుప్పుతో అతుక్కుపోతాయి. డ్రైవ్‌వే సమతలంగా ఉంటే చక్రాలకు రెండు వైపులా గట్టి అడ్డాలు పెట్టి, మూలల్లో కాళ్లు దించి, హ్యాండ్‌బ్రేక్ వదిలేయండి. రోడ్డు వైపు వాలుగా ఉంటే ఆ పని చేయకండి. బ్రేకు వేసే ఉంచి, నెలకోసారి ఎవరినైనా తోడు పెట్టుకుని వదిలి, కాస్త కదిపి, మళ్లీ వేయండి.

టైర్లలో హ్యాండ్‌బుక్ చెప్పిన పూర్తి ప్రెషర్ ఉండాలి. అలా కదిపినప్పుడు చక్రం పావు వంతు తిరిగేలా చూస్తే ఒకే చోట బరువు పడదు. కారు లేకుండా బండిని కదిపే మోటార్ మూవర్ ఉంటే దాని రోలర్లను టైరుకు నొక్కి ఉంచవద్దు. టైరు మీద వాటి గుంట పడిపోతుంది.

కారవాన్ టైర్లు అరిగి కాదు, వయసు మీరి పోతాయి. టైరు పక్కన అండాకారంలో నాలుగు అంకెలుంటాయి. 3521 అంటే 2021లో 35వ వారంలో తయారైనది. ఐదేళ్లు దాటితే మార్చే ఆలోచన చేయండి, ఏడేళ్లు దాటినవాటితో మోటార్‌వే ఎక్కకండి.

బ్యాటరీ ఇంట్లోకి తేవాలా?

అలారం, ట్రాకర్ లేని బండి అయితే తేవడమే సుఖం. లెజర్ బ్యాటరీ, అంటే బండి లోపలి లైట్లకూ పంపుకూ కరెంటిచ్చేది, పాతిక కిలోల దాకా బరువుంటుంది, నడుము జాగ్రత్త. గాలి ఆడే గ్యారేజీలో పెట్టి నెలా నెలన్నరకోసారి చార్జ్ చేయండి. ఛార్జ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వస్తుంది కాబట్టి పడకగదిలో, మెట్ల కింది అలమరలో వద్దు.

మల్టీమీటర్ ఉంటే కొలవండి. చార్జింగ్‌లోనూ వాడకంలోనూ లేని మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.7 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.4కు దిగితే చార్జ్ పెట్టాలి. 12 కింద వారాల తరబడి వదిలేస్తే పలకల మీద సల్ఫేట్ పేరుకుని మళ్లీ పూర్తిగా కోలుకోదు. నిండుగా ఉన్న బ్యాటరీ ఇక్కడి చలికి గడ్డకట్టదు. ఖాళీ బ్యాటరీ మాత్రం సున్నాకు కొద్ది డిగ్రీలు కిందే గడ్డకడుతుంది.

అలారం ఉంటే బ్యాటరీ బండిలోనే ఉండాలి. అప్పుడు సోలార్ ఆదుకుంటుందా అంటే, డిసెంబరులో లండన్‌లోనే పగలు ఎనిమిది గంటలు, అదీ మబ్బు కింద. దాన్ని నమ్ముకుని నెలల పాటు చూడకుండా వదిలేయకండి.

ఇంటి ప్లగ్ నుంచి కారవాన్‌కు కరెంటు ఇవ్వొచ్చా?

నీలం రంగు 16 ఆంపియర్ల సాకెట్‌ను ఇంటి 13 ఆంపియర్ల ప్లగ్‌కు కలిపే అడాప్టర్ దొరుకుతుంది, ఎంతోమంది వాడతారు. కేబుల్ చుట్ట పూర్తిగా విప్పాలి, సర్క్యూట్‌కు ఆర్‌సీడీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉండాలి. పైకి కనబడని విషయం ఇంకోటి ఉంది. బ్రిటన్‌లో చాలా ఇళ్లకు పీఎంఈ పద్ధతిలో, అంటే సరఫరా న్యూట్రల్ తీగనే ఎర్త్‌గా కూడా వాడి, ఎర్తింగ్ ఇస్తారు. ఆ ఎర్త్‌ను కారవాన్ లోహ భాగాలకు కలపకూడదని 2002 నాటి విద్యుత్ భద్రతా నిబంధనలు చెబుతాయి. సరఫరా తీగ ఎక్కడో తెగితే బండి బాడీకే కరెంటు రావచ్చు, తడి నేల మీద నిలబడి తలుపు పట్టుకున్నవాళ్లకు షాక్ కొడుతుంది. తరచుగా కరెంటు కావాలంటే అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచి విడిగా ఎర్త్ రాడ్‌తో సాకెట్ పెట్టించుకోండి. బ్యాటరీ చార్జింగ్ కోసమే అయితే బ్యాటరీని గ్యారేజీకి మోసుకెళ్లడమే తేలిక.

గ్యాస్ సిలిండర్లు?

గ్యాస్‌ను సిలిండర్ దగ్గరే ఆపేయండి. వీలైతే విప్పేసి బయట, నీడలో, గాలి ఆడే చోట, నిలువుగా పెట్టండి. ఇంట్లో, సెల్లార్‌లో పెట్టకూడదు. సిలిండర్ తీశాక పైపు కొసకు మూత పెట్టండి, సాలీళ్లు దూరతాయి. బర్నర్ జెట్లలో గూడు కడితే వసంతంలో మంట పసుపు రంగులో, వంకరగా వస్తుంది.

ఎలుకలు రాకుండా?

తిండి లేకుండా చూడటమే ఉపాయం. బియ్యం గింజలు, కందిపప్పు, మురుకుల పొడి సీట్ల సందుల్లో మిగలనివ్వకండి. వ్యాక్యూమ్ చేసేటప్పుడు కుషన్ల కింద కూడా చేయండి. మూత పెట్టిన డబ్బాలు కూడా తీసేయండి, ప్లాస్టిక్‌ను కొరికేస్తాయి. పైపులూ వైర్లూ ఫ్లోర్‌లోంచి వెళ్లే రంధ్రాల చుట్టూ స్టీల్ ఉన్ని కుక్కండి. వెంట్లలో మాత్రం కుక్కకండి, పైన చెప్పాను. విషపు గుళికలు పెడితే సోఫా వెనక్కి వెళ్లి చస్తాయి. ఆ వాసన ఎన్ని అగరొత్తులు వెలిగించినా పోదు.

డ్రైవ్‌వే మీద పెట్టుకోవడానికి ఎవరి అనుమతైనా కావాలా? పక్కింటివాళ్లు గొణుగుతున్నారు.

మీ ఇంటి ఆవరణలో, ఊరికే నిలిపి ఉంచడానికి సాధారణంగా ప్లానింగ్ అనుమతి అక్కర్లేదు. కానీ కొత్త ఎస్టేట్లలో ఇల్లు కొన్నవాళ్లు టైటిల్ డీడ్స్ తీసి చూడాలి. కారవాన్‌లు, వ్యాన్‌లు ఇంటి ముందు నిలపకూడదన్న కవెనెంట్ చాలాచోట్ల ఉంటుంది. అద్దె ఇల్లయితే ఒప్పందం చూడండి. పక్కింటివాళ్ల కిటికీకి వెలుతురు అడ్డు రాకుండా ఒక మీటరు జరిపితే తీరిపోయే గొడవను కౌన్సిల్ దాకా పోనివ్వకండి. రోడ్డు మీద పెట్టే ఆలోచన మాత్రం మానుకోండి. రాత్రిపూట లైట్లు లేకుండా ట్రైలర్‌ను రోడ్డు మీద వదలకూడదని హైవే కోడ్ 250వ నియమం.

దొంగతనం భయం ఎంత? ఏ తాళాలు కావాలి?

కారుకు తగిలించే భాగానికి వేసే హిచ్ లాక్, చక్రానికి వేసే వీల్ క్లాంప్ రెండూ ఉండాలని చాలా బీమా కంపెనీల షరతు. వాటిలో ఏ మోడళ్లు ఒప్పుకుంటారో అడిగి కొనండి, తాళాలను పరీక్షించి ఇచ్చే సోల్డ్ సెక్యూర్ గుర్తు ఉన్నవి నయం. చలికాలం బండి ఎక్కడ ఉంటుందో కూడా వాళ్లకు చెప్పి ఉండాలి. ముందు కారు అడ్డంగా పెట్టగలిగితే దాన్ని మించిన తాళం లేదు.

1992 నుంచి బ్రిటిష్ తయారీ కారవాన్‌లకు క్రిస్ (కారవాన్‌ల, వాటి యజమానుల రిజిస్టర్) రిజిస్ట్రేషన్ ఉంటోంది. కిటికీల మీద చెక్కిన 17 అక్షరాల నంబరు అదే. రిజిస్ట్రేషన్ పత్రం బండిలో వదిలేయకండి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లు పేరు మార్పించుకున్నారో లేదో ఈ ఖాళీ నెలల్లో చూసుకోండి.

డిసెంబరులో ఇండియా వెళ్లి సంక్రాంతి చేసుకుని వస్తాం. ఐదారు వారాలు ఎవరూ ఉండరు. ఏం చూసుకోవాలి?

కారవాన్ కంటే ముందు ఇంటి బీమా చూడండి. చాలా పాలసీల్లో ఇల్లు వరసగా 30 రోజులకు మించి ఖాళీగా ఉంటే షరతులు మారిపోతాయి, ముందే ఫోన్ చేసి చెప్పాలి. బ్యాటరీ బయల్దేరే వారంలో నిండుగా చార్జ్ చేయండి. నమ్మకమైన పక్కింటివాళ్లకో, ఊళ్లోనే ఉండే స్నేహితులకో తాళం ఇచ్చి, గాలివాన వచ్చిన మర్నాడు ఒకసారి చుట్టూ తిరిగి చూడమనండి. కవర్ ఊడిందా, రూఫ్‌లైట్ మూసే ఉందా, లోపల నేల తడిగా ఉందా, ఈ మూడు చాలు. వచ్చేటప్పుడు వాళ్లకు పూతరేకులు తెస్తే వచ్చే ఏడు కూడా చూస్తారు.

శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ సెల్ఫీ వెంటనే స్టేటస్‌లో పెట్టకుండా ఉంటే మంచిది. డ్రైవ్‌వే మీద కారవాన్, ఇంట్లో ఎవరూ లేరు అన్న సమాచారం కావలసినవాళ్లు కూడా ఉంటారు.

క్రిస్మస్‌కు చుట్టాలు వస్తున్నారు, గదులు చాలవు. కారవాన్‌లో పడుకోబెట్టొచ్చా?

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను మాత్రం వద్దు. రాత్రి బాత్రూమ్‌కు లేచి, గడ్డకట్టిన డ్రైవ్‌వే మీద ఇంట్లోకి నడవాల్సి వస్తుంది. వాళ్లకు మీ గది ఇచ్చి మీరు వెళ్లండి, పిల్లలకైతే పండగే.

నీళ్లు మళ్లీ నింపకండి. బాత్రూమ్ ఇంట్లోదే వాడుకోండి. హీటింగ్ గ్యాస్‌తో నడిపేట్టయితే ఎర్ర సిలిండర్, అంటే ప్రొపేన్ కావాలి. అది మైనస్ 42 డిగ్రీల దాకా ఆవిరవుతుంది. నీలం సిలిండర్‌లోని బ్యూటేన్ సున్నా దగ్గరే మొరాయిస్తుంది. పడుకునే ముందు కవర్ పూర్తిగా తీయాలి, హీటర్ పొగగొట్టం దగ్గర మంచు గానీ ఆకులు గానీ ఉండకూడదు, కార్బన్ మోనాక్సైడ్ అలారం బటన్ నొక్కి మోత వినాలి.

బార్బెక్యూను కుంపటిలా లోపలికి తేవడం ప్రాణాంతకం. ఆరిపోయిందనుకున్న బొగ్గుల నుంచి కూడా కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. దానికి రంగూ వాసనా లేదు. కారవాన్‌లలో, టెంట్లలో ఇలా నిద్రలోనే చనిపోయినవాళ్లు ఉన్నారు.

నాలుగు రాత్రులు చుట్టాలు పడుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. అద్దెకివ్వడం, ఎవరో ఒకరు శాశ్వతంగా అందులోనే కాపురం ఉండటం అయితే ప్లానింగ్ అనుమతి కావాలి.

తుపాను హెచ్చరిక వస్తే?

2021 నవంబరులో వచ్చిన ఆర్వెన్ తుపానుకు నార్తంబర్లాండ్‌లో గంటకు 98 మైళ్ల గాలి వీచింది. అంత గాలికి కారవాన్ బోల్తా పడగలదు. రెడ్ వార్నింగ్ వస్తే ముందు కవర్ తీసేయండి. తెరచాపలా గాలిని పట్టేది అదే. కాళ్లు గట్టిగా దించి, రూఫ్‌లైట్లు, కిటికీలు గడియ పడ్డాయో లేదో చూసి, వీలైతే బండిని ఇంటి గోడ చాటుకు జరపండి. గాలి వీస్తున్నప్పుడు సర్దడానికి బయటికి వెళ్లకండి.

మంచు ఎక్కువగా పడితే మెత్తటి చీపురుతో కిందనుంచే తోసేయండి. కప్పు ఎక్కవద్దు, వేడి నీళ్లు పోయవద్దు.

మార్చిలో మళ్లీ ఎలా మొదలుపెట్టాలి?

రాత్రి చలి పూర్తిగా తగ్గేదాకా ఆగండి. ఈస్టర్ తొందరగా వచ్చిన ఏడు సైట్‌లు తెరిచినా రాత్రులు గడ్డకడుతూనే ఉంటాయి. సర్వీస్ అపాయింట్‌మెంట్ మాత్రం జనవరిలోనే తీసుకోండి, మార్చికి ఎవరూ ఖాళీగా దొరకరు. అప్రూవ్డ్ వర్క్‌షాప్ స్కీమ్‌లో ఉన్న మెకానిక్‌లలో కొందరు ఇంటికే వస్తారు. గ్యాస్, బ్రేకులు, తేమ మూడూ చూసి రిపోర్ట్ ఇవ్వమనండి.

నీళ్లు నింపే ముందు పసుపు లివర్ దించి, ట్యాపులన్నీ మూసి, కొత్త ఫిల్టర్ ఇప్పుడే పెట్టకుండా, క్రిమిసంహారక ద్రవం కలిపిన నీళ్లతో పైపులన్నీ నింపండి. సీసా మీద రాసిన కొలతా సమయమూ పాటిస్తే చాలు. తర్వాత మంచినీళ్లతో వాసన పోయేదాకా కడిగి, అప్పుడు ఫిల్టర్ బిగించండి. ట్యాపులోంచి బుడగలు లేకుండా నిండుగా ధార వచ్చాకే హీటర్ స్విచ్ వేయాలి. పంపు ఆన్ చేసి, ట్యాపులు మూసి, పది నిమిషాలు ఏ చప్పుడూ చేయకుండా కూర్చోండి. ట్యాపు తెరవకుండానే పంపు మధ్యమధ్యలో దానంతటదే తిరిగితే ఎక్కడో కారుతున్నట్టు. టార్చ్ తీసుకుని సీట్ల కింద జాయింట్లు ఒక్కొక్కటే తడిమి చూడండి.